మా ఆయన చదివించుకున్న పుస్తకాలు

మా ఆయన కొత్త పుస్తకం కొన్నాడంటే నాకు భయం పట్టుకునేది. వినేవాళ్ళకి ఇది తిక్కగానే ఉంటుంది. తాగొచ్చే మొగుడు కాదు, పేకాడే మొగుడు కాదు, పుస్తకం తెచ్చుకునే మొగుణ్ణి చూసి భయపడడమేమిటని మా చెల్లెలు మాధవీలత ఫోన్లో పడీపడీ నవ్వింది. నవ్వనీ. దానికేం, దాని మొగుడు బ్యాంకులో కుర్చీలో కూర్చునే మనిషి.

మా ఆయన పేరు జయప్రకాష్. బిలాస్‌పూర్‌లో గూడ్స్ బండి డ్రైవరు. ఇప్పుడు లోకో పైలట్ అనాలట. మా అత్తగారు అప్పలనర్సమ్మ మాత్రం ఇప్పటికీ డ్రైవరనే అంటుంది, అలా అనడంలోనే ఆవిడకి గొప్ప. మావగారి తండ్రి సోంపేట వైపు నుంచి పట్టాలు వేసే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మావగారు లోకో షెడ్డులో ఫిట్టరు. ఈయన రైల్వే క్వార్టర్లో పుట్టి, రైల్వే స్కూల్లో చదివి, అసిస్టెంటుగా ఇంజన్ ఎక్కాడు. ఇంజన్ కింద పడుకుని నట్లు బిగించినవాడి కొడుకు ఇంజన్ మీద కూర్చున్నాడని మావగారు పోయేదాకా అందరికీ చెప్పుకున్నారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ప్రాణం పోయినా పర్లేదు గాని ఇంజన్ మాత్రం దిగకూడదు అనుకునే మనిషి ఈయన. ఆ సంగతి తెలిస్తేనే నా భయం అర్థమవుతుంది.

బండి నడిపేవాళ్ళ ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఛాతీలో నొప్పి అన్న మాట ఎవరూ నోటితో అనరు. ఎడంవైపు పట్టేసినా, మెట్లెక్కితే ఆయాసం వచ్చినా, దాని పేరు గాస్, కడుపులో చేరిన గాలి. డ్రైవర్లకి ఓ వయసు దాటాక ఏటా రైల్వే ఆస్పత్రిలో మెడికల్ జరుగుతుంది. గుండె సంగతి అందులో బయటపడితే ఇంజన్ మీంచి దించేసి ఏ ఆఫీసులోనో కుర్చీ వేస్తారు. అందుకని మా క్వార్టర్ల లైన్లో ఎవరికి ఏమొచ్చినా రైల్వే డాక్టరు గుమ్మం తొక్కరు. ఊళ్ళో ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్ళి, మాది కిరాణా కొట్టండీ అని చెబుతారు. మా ఆయన దయాల్‌బంద్ పేటలో ఒకాయనకి అలాగే చెప్పాడు. బీపీ మాత్రలు మింగేది కిరాణా కొట్టు జయప్రకాష్, మెడికల్‌లో పాసయ్యేది డ్రైవరు జయప్రకాష్. ఆ మాత్రల పట్టీలు మెంతుల డబ్బాలో ఉండేవి. మా ఇంట్లోనే కాదు, ఏ ఇంట్లో ఏ డబ్బాలో ఉంటాయో మా ఆడవాళ్ళందరికీ తెలుసు, ఎవరూ అడగరు.

ఇలాంటి ఇంట్లోకి ఆ పుస్తకాలు వచ్చాయి. మొదటిది రన్నింగ్ రూములో దొరికింది. బండిని అవతలి కొసకి చేర్చాక డ్రైవర్లు తిని పడుకునే చోటు అది. అక్కడ ఎవరో వదిలేసిన హిందీ పుస్తకం పట్టుకుని ఇంటికొచ్చాడు.

"నీలా, ఇది సూడు. నాకున్నంత పొట్టే ఈడికీ ఉండేదంట" అన్నాడు చెప్పులైనా విడవకుండా.

"పొట్ట గురించి పుస్తకం రాసేడేటి?"

"పొట్ట గురించి కాదే. ఇనుముకో, ఈడేటి సేసేడో."

వాడు చేసింది ఏమిటంటే, తెల్లారగానే సముద్రంలో దూకి గంటకి పైగా ఈదాడు. ఆ తడి ఒంటితోనే సైకిలెక్కి ఇక్కణ్ణించి రాయ్‌పూర్ వెళ్ళి సగం దారికి పైగా తిరిగొచ్చేంత దూరం తొక్కాడు. అది దిగి, మళ్ళీ పొద్దుపోయేదాకా పరిగెత్తాడు. అన్నీ ఒక్కరోజులోనే. ఎవరూ తరమకుండానే. పైగా డబ్బు కట్టి మరీ చేస్తారట దీన్ని, ట్రయాథ్లాన్ అంటారట. నాకు వినగానే నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

ఆ తర్వాత ఫోన్లో ఆర్డరు పెట్టి ఒకదాని వెనక ఒకటి తెప్పించాడు. అన్నీ ఆ ఈత, సైకిలు, పరుగు పుస్తకాలే. చదివే పని నాది. రాత్రంతా సిగ్నళ్ళ కోసం చూసి వచ్చిన కళ్ళకి అక్షరాలు అలుక్కుపోతాయట. ఆయన వరండాలో సైకిలు వెనక చక్రాన్ని స్టాండు మీదికెత్తి, ఉన్నచోటనే తొక్కుతూ ఉంటే, నేను గడప మీద కూర్చుని హిందీ పేజీ చూసుకుంటూ మా తెలుగులో చెప్పేదాన్ని. హిందీలో వింటే స్కూల్లో కూర్చున్నట్టు ఉంటుందట ఆయనకి. తెలుగులో చెబితే ఆ మనిషి మా లైన్లోవాడే అన్నట్టు ఉంటుందట.

ఒక్కో పుస్తకంలో ఒక్కో మనిషి. ఒకడికి కాలు విరిగింది, ఒకడు తాగుబోతు, ఒకామెకి పెద్ద జబ్బు. ఊళ్ళు వేరు, పేర్లు వేరు, సగం పుస్తకం దాటేసరికి అందరిదీ ఒకే మాట. నొప్పి అబద్ధం చెబుతుంది, దాని మాట వినకు. ఒళ్ళు ఆగమన్నప్పుడే అసలు పోటీ మొదలు. చివరికి అందరూ గీత దాటి ఏడుస్తారు. మా ఆయన కూడా తొక్కడం ఆపి తువ్వాలుతో కళ్ళు తుడుచుకునేవాడు. నాకూ ఏడుపొచ్చేది, అబద్ధమెందుకు. కాని ఏడుస్తూనే వేరే ఆలోచన బుర్రలో దొలిచేది. రాసినవాళ్ళంతా బతికినవాళ్ళే. నొప్పి మాట వినక నీళ్ళలోనో రోడ్డు మీదో పోయినవాడు పుస్తకం రాయడు కదా. ఒకసారి అదే మాట పైకి అన్నాను.

"నీకు అన్నిట్లోనూ సావే కనపడతాది" అన్నాడు. "సదువు, సదువు."

మంచి జరగలేదని అనను. పొట్ట తగ్గింది. గుట్కా మానేశాడు. డ్యూటీ నుంచి వచ్చి చిర్రుబుర్రులాడే మనిషి ఉతికిన బనీను వేసుకుని రైల్వే గ్రౌండుకి వెళ్ళి పరిగెత్తి వచ్చేవాడు. లైన్లో అందరూ మెచ్చుకున్నారు. మా అత్తగారయితే దిష్టి కూడా తీసింది. కాని స్నానాల గది తలుపు మీద సుద్దముక్కతో 'నొప్పి అబద్ధం' అని రాసి పెట్టాడు చూడండి, అది నాకు మింగుడు పడలేదు. మా ఇళ్ళలో గాస్ అనే అబద్ధం ఎప్పట్నించో ఉంది. ఈ పుస్తకాలు వచ్చి దాని మెడలో దండ వేశాయి.

చలికాలం మొదట్లో సముద్రం ఒడ్డున ఎక్కడో పోటీ ఉందని పేరిచ్చాడు. దానికి ముందు ఓ ఆదివారం, మా ఊళ్ళోనే తోర్వా పేటలో ఇలాంటి పిచ్చే ఉన్న మరికొందరితో కలిసి రతన్‌పూర్ దారిలోని డ్యామ్‌లో ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఈదాలని అనుకున్నారు. ఆ ఆదివారం ఇంకా రెండు రోజులుందనగా పొద్దున్నే ప్రాక్టీసుకని సైకిలు మీద బెల్తరా ఊరికి బయల్దేరాడు. వెనకే మోటారు సైకిలు మీద నీళ్ళ సీసాలు పట్టుకుని దిలీప్ వెళ్ళాడు. దిలీప్ ఇంజన్ మీద ఈయనకి అసిస్టెంటు, మా పక్క లైన్లోనే ఉంటాడు.

వెళ్ళినప్పుడు రెండు బళ్ళ మీద వెళ్ళారు. వచ్చినప్పుడు ఒకే బండి మీద వచ్చారు. మా ఆయన వెనక కూర్చుని ఉన్నాడు, మొహం గోడకి వేసే సున్నంలా ఉంది.

"గాస్" అన్నాడు నన్ను చూడగానే. లోపలికి వెళ్ళి పడుకున్నాడు.

దిలీప్ గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "వదినా, నేను చెప్పేనని సార్‌కి చెప్పకండి. బెల్తరా ఇంకా రాకుండానే సైకిల్ పడేసి గట్టు మీద కూర్చుండిపోయేరు. ఎడం చెయ్యి ఎత్తలేకపోయేరు. వాంతి అయ్యింది."

"ముందెప్పుడైనా ఇలా అయ్యిందేటి?"

వాడు నేల చూపులు చూశాడు. "పోయిన హఫ్తా ఇంజన్ మీద కూడా ఇలాగే హువా, వదినా. కాసేపు మాట రానేదు. బండి నేనే సంభాళించాను. కిసీకో మత్ బోల్‌నా, ఎవరికీ చెప్పకు అన్నారు."

ఆ బండి నా కళ్ళ ముందు కదిలింది. వెనక బొగ్గు నింపిన వేగన్లు, ముందు ఏ స్టేషనో, ఏ గేటో, గేటు దగ్గర ఆగిన మనుషులో. పోతే ఈయనొక్కడే పోతాడు అనుకునేదాన్ని అంతవరకు. ఆ దిక్కుమాలిన ధైర్యం కూడా పోయింది.

మా అత్తగారు వాము నీళ్ళు కాచి పట్టుకొచ్చింది. "గాసేనే అమ్మీ. కంగారు పడకు. మీ మావకీ ఇలాగే ఒచ్చేది" అంది.

"మావగారు దేంతో పోయేరత్తా?"

మావగారు భోజనం చేసి, గాస్ అని చెయ్యి కడుక్కుని, పీట మీంచి లేవకుండానే పోయారు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. గ్లాసు బల్ల మీద పెట్టి ఆవిడ వెనక గదిలోకి వెళ్ళిపోయింది.

నేను గదిలోకి వెళ్ళి ఎలా తిట్టాలో అలా తిట్టాను. సిగ్గుందా అన్నాను. ఇంజన్ మీద మాట పడిపోయిందట కదా అన్నాను, దిలీప్ పేరు బయటపడినా సరే అని. ఆస్పత్రికి పద అంటే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఆస్పత్రికెల్తే ఇంజన్ దింపేస్తారు. అంతే కదా?"

"దింపనీ. మనిషి ఉంటే సాలు."

"నీకు తెల్దు. ఆ కాలిరిగినోడు నొప్పని ఆగిపోయేడేటి? ఆగిపోతే గీత దాటేవోడా? ఆదివారం ఈదేసి ఒస్తే అంతా సర్దుకుంటాది."

ఆ మధ్యాహ్నం నేను రైల్వే ఆస్పత్రి గేటు దాకా వెళ్ళాను. లోపలికి వెళ్ళి డాక్టరుతో చెప్పేద్దామనే. గేటు దగ్గర నిలబడి ఆలోచించాను. నేను చెప్పినా ఆయన వచ్చి, మా ఆవిడకి చాదస్తమండీ అంటాడు, నవ్వుతాడు, ఏం లేదంటాడు. పైగా పెళ్ళామే మొగుణ్ణి ఇంజన్ దింపిందని లైన్లో అందరూ చెప్పుకుంటారు. ఆ మాట ఆయన చెవిన పడితే ఇంకెప్పుడూ నా మాట వినడు. వెనక్కి వచ్చేశాను. దారిపొడుగునా ఒకటే ఆలోచన. పెళ్ళాం మాట వినడు, ఒంటి మాట అసలే వినడు. ఇంక ఎవరి మాట వింటాడీ మనిషి?

మర్నాడు శనివారం. పొద్దున్నే లేచి చూస్తే వరండాలో, దిలీప్ రాత్రి తెచ్చి పెట్టిన సైకిలెక్కి కూర్చుని ఉన్నాడు. మెల్లిగా తొక్కుతున్నాడు, చక్రం తిరుగుతోందంటే తిరుగుతోంది. పెదవుల మీద రంగు లేదు. రేపు నీళ్ళలోకి దిగుతాడు. దిగితే మళ్ళీ పైకి రాడని నాకు గట్టిగా అనిపించింది. ఏ దేవుణ్ణి తలుచుకోవాలో కూడా తోచలేదు.

"సదువు" అన్నాడు.

పుస్తకం తీశాను. కాలు విరిగినవాడిదే. తెరిచిన పేజీలో పరిగెత్తేటప్పుడు అరటిపండు ఎప్పుడు తినాలో, బూట్ల తాడు ఎలా కట్టుకోవాలో రాసి ఉంది. నేను ఆ బూట్ల పేజీ మీద కళ్ళు పెట్టి, నోరు మాత్రం ఇంకో దారి పట్టించాను.

"ఆ రోజు సైకిలు తొక్కుతుంటే ఈడికి ఎడం చెయ్యి లాగేసిందంట" అన్నాను.

చక్రం తిరుగుతూనే ఉంది.

"మొదట గాస్ అనుకున్నాడంట. తరవాత చెమట పట్టేసింది. అప్పుడు సైకిలు దిగిపోయేడు. రోడ్డు పక్కన చెట్టుకి ఆనించి, ఇంక తొక్కనని చెప్పేసేడంట. మిగతావోళ్ళంతా పక్కనుంచి ఎల్లిపోతన్నారు. ఒక్కడూ ఆగలేదు. ఈడు మటుకు నేరుగా డాక్టరు దగ్గరికి ఎల్లి, నాకు ఎప్పట్నించో ఇలా ఉంది, దాచేను, దొంగతనంగా మందులు మింగుతున్నాను, అని అంతా చెప్పేసేడు."

పేజీ తిప్పాలి కదా అని తిప్పాను. ఆ పక్క పేజీలో ఏదో బొమ్మ ఉంది, ఆయనకి కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టాను. ఇక్కడ ఆపేసి ఉంటే సరిపోయేది. ఆగలేకపోయాను, మాట దానంతటదే వచ్చేస్తోంది.

"ఇంట్లో వాడి పెళ్ళాం బియ్యం కడుగుతోందంట. ఈడు ఇంకా రాలేదేటని చూస్తా కడుగుతోంది. చేతులు వణికి బియ్యం సగం తూములోకి పోయేయి. కాలు బయట పెడితే ఎవరు ఏం కబురు తెస్తారోనని గుమ్మంలోకి కూడా రాలేదు. ఫోను మోగితే ముట్టుకోలేదు. ఈడు కాల్ వచ్చి డ్యూటీకి ఎల్లిన ప్రతిసారీ..."

నాలిక కరుచుకున్నాను. డ్యూటీకి రమ్మని కాల్ వచ్చేది బండి నడిపేవాళ్ళకి, సముద్రంలో ఈదేవాడికి ఎక్కడిది? తల ఎత్తడానికి భయమేసింది. చక్రం చప్పుడు ఆగిపోయింది.

"తరవాత?" అన్నాడు.

"తరవాత డాక్టరు మందిచ్చేడు. బతికేడు."

"తిట్టేడా డాక్టరు?"

"తిట్టేడంట."

"అచ్ఛా" అన్నాడు. సైకిలు దిగి, ఒక చేత్తో గోడ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. పడిపోతాడేమోనని లేచాను. పర్లేదన్నట్టు చెయ్యి ఊపి స్నానానికి వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, వంటింట్లోకి వెళ్ళి మాత్రల పట్టీలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఎక్కడికండీ?" అన్నాను.

"రైల్వే ఆస్పత్రికి. నువ్వూ రా."

అక్కడ డాక్టరు అడగకముందే అన్నీ చెప్పేశాడు. బెల్తరా సంగతి, ఇంజన్ మీద సంగతి, కిరాణా కొట్టు సంగతి. పట్టీలు బల్ల మీద పెట్టాడు. ఈసీజీ కాగితం చూశాక డాక్టరు ఆయన్ని మళ్ళీ లేచి నిలబడనివ్వలేదు. సాయంత్రానికి అంబులెన్సులో రాయ్‌పూర్ తీసుకెళ్ళారు. గుండెకి వెళ్ళే నాళాలు మూడు మూసుకుపోయాయన్నారు. నీళ్ళలో దిగి ఉంటే అక్కడితో సరి అని అక్కడి పెద్ద డాక్టరు నాకు విడిగా చెప్పాడు. గుండె కోసి ఆపరేషన్ చెయ్యాలన్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇప్పుడు ఈయన ఇంజన్ మీద లేడు. లాబీలో, అంటే డ్రైవర్లు డ్యూటీ ఎక్కే ఆఫీసులో కూర్చుని వేరే డ్రైవర్లకి ఫోన్లు చేసి డ్యూటీకి పిలుస్తాడు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి నెల ఆయన మొహం చూడలేకపోయాను. బండి కూత వినపడితే అన్నం మధ్యలో ఆపి వినేవాడు. ఆ బాధ ఇంకా ఉంది, పోయిందని చెప్పను. కాని నేను చెప్పదలుచుకున్నది అది కాదు. ఆపరేషన్‌కి ముందురోజు సాయంత్రం సంగతి.

వార్డులో ఆయన మంచం కిటికీ పక్కన. ఇంటినుంచి ఏం తెమ్మంటారంటే పుస్తకం తెమ్మన్నాడు. తెచ్చి, సంచీలోంచి తియ్యకుండా చాలాసేపు కూర్చున్నాను. పొద్దున్నే ఆపరేషన్ గది తలుపుల్లోంచి తీసుకెళ్ళిన మనిషి మళ్ళీ వస్తాడో రాడో తెలియదు. ఈలోగా పుస్తకం తెరిచి చూసుకుంటే? నేను మోసం చేశానన్న కోపంతో లోపలికి వెళితే?

"సదువు" అన్నాడు.

"ఏది?"

"ఆ సైకిలు దిగిపోయినోడిది."

తీశాను. ఏదో పేజీ తెరిచాను. అక్షరాలు ఒక్కటీ కనపడలేదు. గుర్తున్నంత వరకు మళ్ళీ మొదలుపెట్టాను. చెయ్యి లాగేసిందన్నాను, చెట్టుకి ఆనించాడన్నాను, డాక్టరుకి చెప్పేడన్నాను. "ఇంట్లో వాడి పెళ్ళాం కూర తరుగుతోందంట" అన్నాను.

"ముందు బియ్యం కడుగుతాది అన్నావు."

నేను పుస్తకం మూశాను. దాచడానికి ఇంకేం మిగల్లేదు.

"ఆ రోజే తెలిసింది నాకు" అన్నాడు. కోపం లేదు గొంతులో. "ఇన్ని పుస్తకాలు సదివించుకున్నాను. ఒక్కదాన్లోనైనా పెళ్ళానికి సేతులొణికినట్టు రాసేరేటి?"

"తెలిసీ మరి ఎందుకెళ్ళేరు ఆస్పత్రికి?"

చేతికి గుచ్చిన సూది చుట్టూ అంటించిన ప్లాస్టరుని గోటితో గీకాడు.

"పెళ్ళయిన కాణ్ణించీ నువ్వు తిడతానే ఉన్నావు నీలా. కాల్ ఒస్తే తిట్టేవు, లేటుగా ఒస్తే తిట్టేవు, పుస్తకం తెస్తే తిట్టేవు. నీ నోరే అంత అనుకున్నాను. అదంతా బయమని నాకు తెల్దు."

నా భయం సంగతి చెల్లెలితో చెప్పాను, గుళ్ళో చెప్పుకున్నాను, నాలో నేను గొణుక్కున్నాను. ఆయనకి తెలుసు కదా అనుకున్నాను. ఇన్నేళ్ళలో ఆయన మొహం చూసి ఒక్కసారైనా, నాకు భయంగా ఉందండీ అని అనలేదు.

"ఇప్పుడూ ఉందేటి?" అన్నాడు.

అలవాటు కొద్దీ తిట్టడానికి నోరు తెరిచాను. "ఉంది" అన్నాను. "చాలా ఉందండీ."

మా ఆయన నా చెయ్యి దగ్గరికి లాక్కున్నాడు.

"నాకూ ఉందే" అన్నాడు.